తెల్లబల్లకు మందుచీటీ

ఆరింటికి ఆటో తీసుకుని వస్తానంది పార్లరు పిల్ల.
ఈలోగా ఈ బల్ల తెల్లబడాలి.
ముప్పయ్యొక్కేళ్ళు కాంపౌండరు పని చేశాను, పాత చాకలిపేటలో.
పుళ్ళు కడిగాను, సీసాలు కడిగాను.
బల్లని మాత్రం రోజూ తుడిచానే గాని
కడగలేదు ఎప్పుడూ.

పక్క కొట్టు సెల్వి ఆసిడ్ పొయ్యమంది.
పేటకి చాకలి పేరుంటే ఉండనీ,
బల్లని బండకేసి బాదలేం గదా.

ముందు ఎవరికీ కనపడని చోట,
వెనక్కాలి లోపలివైపు, గోరంత మేర.
పెన్సిలిన్‌కి ముందు ముంజేతికి గుచ్చి చూసినట్టు.
పది నిమిషాలు ఆగాను.
రంగు ఊడలేదు. దద్దురు లేవలేదు.

గోరువెచ్చని నీళ్ళు,
రూపాయి షాంపూ పొట్లంలో సగం,
నా పాత బనీను ముక్క, బాగా పిండి.
చెక్కకి నీరు పడితే ఉబ్బుతుంది, మనిషి కాళ్ళలాగే.
వెనకాలే పొడిగుడ్డ.

టీ గ్లాసుల చుట్టలు ముందు లేచిపోయాయి.
అన్నీ నావే.
డాక్టరుగారు సాసరు లేకుండా కాఫీ ముట్టరు.

అయోడిన్ మొండిది.
వంటసోడా అరచేతిలో తడిపి, మెత్తగా మెదిపి,
చూపుడువేలితో, చెక్క వాలు ఎటుంటే అటే.
"ఒత్తకు మునిరత్నం,
పుండుకి చుట్టూ ఉన్నది మంచి చర్మం"
అనేవారు ఎతిరాజులుగారు, కట్టు విప్పేటప్పుడు.
ఆ మాట గుర్తొచ్చిందో లేదో
చెయ్యి దానంతటది తేలికపడింది.

ఆ ఊదా మరక తొంభై ఏడుది.
నోటిపూత పిల్లవాడు, మందుసీసాని తన్నాడు.
పేరు గుర్తులేదు, తన్నిన కాలికి వెండికడియం గుర్తుంది.
వాళ్ళమ్మ కొంగుతో అద్దబోయింది.
బల్లా పోయింది, చీరా పోయింది,
నాలుగో రోజుకి నోటిపూతా పోయింది.

దానికి స్పిరిట్టు.
దూదితో కాదు, ఆకుపచ్చ గుడ్డతో.
తెల్లదూదిలో ఏం పోగొట్టుకుంటున్నామో తెలీదు.
పచ్చగుడ్డ మీద ఊదా వచ్చినంతసేపూ మరకే,
తెలుపు రావడం మొదలెడితే
మనం తుడిచేస్తున్నది బల్లని.
తెలుపు వచ్చింది. ఆపేశాను.
వంగపువ్వు రంగులో ఓ నీడ మిగిలింది.

ఇంతా చేసి చూస్తే
శుభ్రపడిన చోట్లే మరకల్లా ఉన్నాయి.
ఇక తప్పదు, నాలుగు కాళ్ళూ, సొరుగు మొహమూ,
బల్లంతా మొదట్నించి.

ఎడమ మూల ఒక్కటీ లొంగలేదు.
పలకంత పసుపు, అంచులు కొలిచి గీసినట్టు.
రోగుల కార్డుల పెట్టె కూర్చున్న చోటు.
షాంపూ, సోడా, మళ్ళీ సోడా.
ఎవరూ ఏదీ ఒలకబొయ్యలేదు అక్కడ.
వెలుతురు తగలక
రంగు లోపల్నించి పచ్చబడింది.
కళ్ళు చూసి కామెర్లు కనిపెట్టేవాణ్ణి,
దీన్ని గంటసేపు రుద్దాక గాని పోల్చుకోలేదు.

రోజ్‌లిన్ వచ్చింది. వేలితో ఆ మూల తాకింది.
"ఇది పోదా అంకుల్? రెండొందలు తగ్గించండి."
మందుచీటీల పుస్తకంలో చివర మూడు కాగితాలున్నాయి.
ఒకటి చించి రాసిచ్చాను:

ఎండ. పొద్దున పూట గంట. తూర్పు కిటికీ దగ్గర.
పదిహేను రోజులు చూసి మళ్ళీ కొన్నాళ్ళు.
ఆ మూల మీద ఏమీ పెట్టరాదు.

"డాక్టరు సంతకమేదీ?" అని నవ్వింది.
ఆయన పోయి ఏడు వారాలు.
నేను ఎప్పుడూ ఎక్కడా సంతకం పెట్టినవాణ్ణి కాదు.
రెండొందలు తగ్గించాను.

చీటీని సొరుగులో వేసి మూసింది.
ఇద్దరు కుర్రాళ్ళు బల్లని తిరగేసి
ఆటో వెనక తాళ్ళతో కట్టారు.
ఎంసీ రోడ్డు మలుపు తిరిగాక గుర్తొచ్చింది,
ఆ సొరుగు ఇరుక్కుంటుంది,
కాస్త పైకెత్తి లాగాలి.
చెప్పలేదు.